మా మూడు చక్రాల బండి, మల్కాపురం రోడ్డు

మొన్న ఒక మధ్యాహ్నం మా అపార్టుమెంటు గేటు దగ్గరకు భోజనం పొట్లం తెచ్చిన అమ్మాయి బండి దిగలేదు. ఆమె స్కూటరుకు వెనక రెండు పక్కలా చక్రాలున్నాయి, సీటు పక్కన చంకకర్ర కట్టి ఉంది. కూర్చున్నచోటి నుంచే నవ్వుతూ పొట్లం నా చేతికిచ్చి, అటు వస్తున్న నీళ్ళ ట్యాంకరుకూ ఇటు ఆగి ఉన్న కారుకూ మధ్య సందులోంచి, ఒక చేత్తో సెల్లు చూసుకుంటూ వెళ్ళిపోయింది. నేను మాత్రం పొట్లం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆమె ఆ ట్యాంకరు పక్కనుంచి మలుపు తిరుగుతున్నంతసేపూ నా కుడిచేతి వేళ్ళు బిగుసుకుని, లేని బ్రేకును పట్టుకున్నాయని తరవాత గాని గ్రహించలేదు. వయసుతో పాటు భయాలు పోతాయని చిన్నవాళ్ళు అనుకుంటారు గాని, కొన్ని భయాలు ఒంట్లోనే కాపురం పెడతాయని నా ఈడువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

పసితనంలో వచ్చిన పోలియో నా కుడికాలిని సన్నగా చేసి వదిలేసింది. కాలికి ఇనప పట్టీలు బిగించుకుని నడుస్తాను. అలాగే చదువుకుని, టైపు నేర్చుకుని, పోర్టు దగ్గర ఓడల వ్యవహారాలు చూసే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం సంపాదించాను. మా ఆయన పోర్టులో క్రేను నడిపేవారు. చోడవరం అవతల పల్లెలో చెరకు పండించే ఇంట్లో పుట్టి, పని వెతుక్కుంటూ పట్నం వచ్చిన మనిషి. పెళ్ళయ్యాక మల్కాపురంలో కాపురం పెట్టాం. మాకు పిల్లలు కలగలేదు. ప్రతి ఉదయం ఆయన నన్ను మోటారుసైకిలు వెనక ఒక పక్కకు కూర్చోబెట్టుకుని, రిఫైనరీ ముందు బారులు తీరిన ఆయిలు ట్యాంకర్ల మధ్య నుంచి, సింధియా జంక్షన్ దాటి, రైలు పట్టాలు దాటి, ఆఫీసు మెట్ల దగ్గర దింపి తన డ్యూటీకి వెళ్ళేవారు. అన్నేళ్ళూ ఆ వెనక సీటు మీద నాకు భయమన్నది తెలియలేదు. నాకు కనిపించేది ఆయన వీపేగాని రోడ్డు కాదు, అందువల్లనేమో.

యాభై దాటాక ఆయనకు షుగరు కళ్ళలోకి దిగింది. క్రేను మీద నుంచి దింపి స్టోర్సులో కూర్చోబెట్టారు. అయినా ఆయన మోటారుసైకిలు మాత్రం నడుపుతూనే ఉన్నారు. ఒక సాయంత్రం సింధియా దగ్గర రోడ్డు దాటుతున్న ముసలాయన ఆయనకు కనిపించలేదు. నేను వెనకనుంచి కేక వేశాను. బండి ఆ ముసలాయన పంచెను రాసుకుని ఆగింది. ఇంటికి వచ్చాక ఆయన బండి తాళంచెవి తీసి గోడ మేకుకు తగిలించారు, మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. మేమిద్దరం ఆటోల కోసం పడే అవస్థ కొన్నాళ్ళు చూసి, ఒక రోజు వచ్చి ఆ మోటారుసైకిలు పట్టుకుపోయాడు. తిరిగి తెచ్చినప్పుడు దాన్ని నేను ఆనవాలు పట్టలేదు. గాజువాకలో తెలిసినవాళ్ళ షెడ్డులో వెనక చక్రం విప్పేసి, ఆ చోట అడ్డంగా ఇరుసు వేసి, అటొకటి ఇటొకటి రెండు చక్రాలు బిగించాడు. కుడికాలితో తొక్కవలసిన బ్రేకును చేతికి అందేలా మార్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ, ఒకటి ఎక్కువ కావలసి వచ్చిందని నవ్వాడు. ఆ బండి ఎవరికోసమో నాకు ఆ నవ్వుతోనే అర్థమైంది. నేను నడపనన్నాను. మా ఆయన నన్ను బతిమాలలేదు కూడా. అదే నన్ను ఇరకాటంలో పెట్టింది.

మా వీధి చివర కుర్రాళ్ళు క్రికెట్ ఆడుకునే ఖాళీ జాగాలో నాకు చదువు మొదలైంది. ఆదివారాలు మరిది వచ్చేవాడు. మూడు చక్రాలున్న బండి పడిపోదు గదా, దానికి భయమెందుకని మీరనుకోవచ్చు, నేనూ అలాగే అనుకున్నాను. నిలబడి ఉన్నంతసేపూ అది మంచంలాగే ఉండేది. కదిలాకే దాని బుద్ధి తెలిసేది. అన్నేళ్ళు వెనక కూర్చున్న అలవాటుకొద్దీ మలుపు రాగానే నా ఒళ్ళు పక్కకు వాలేది, బండి వాలేది కాదు, తిన్నగా ప్రహరీగోడ మీదకు పోయేది. గోడ దగ్గర పడుతుంటే బెదిరి హ్యాండిలు ఒక్కసారి తిప్పేదాన్ని. అప్పుడు తిప్పిన పక్క చక్రం మెల్లగా నేల వదిలి లేచేది. ఆ లేవడం కంటికి కనిపించదు, నడుము కింద తెలుస్తుంది, కూర్చున్న కుర్చీ కోడు ఎవరో పైకెత్తినట్టు. నేను లేస్తున్న పక్కనుంచి దూరంగా రెండో పక్కకు జరిగేదాన్ని, దాంతో చక్రం ఇంకా లేచేది. మరిది పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో అదిమి దింపేవాడు.

"లేసిన సక్రం వేపే వొంగాల వొదినా," అనేవాడు. "దాన్నుంచి పారిపోతే పడిపోతావు."

భయపడిన దానివైపే వంగడం ఎవరి ఒంటికి తనంతట తానుగా వస్తుంది? నా ఒంటికి రాలేదు. పైగా ఆ బండికి వెనక్కి నడిచే గేరు లేదు. గోడ ముందు ఇరుక్కుంటే నేను దిగి తోసుకోలేను, ఎవరైనా వచ్చి లాగేదాకా అలాగే కూర్చోవాలి. శనివారం సాయంత్రం నుంచే నాకు అన్నం సయించేది కాదు. ఆదివారం వర్షం పడితే లోలోపల కనకమహాలక్ష్మి అమ్మవారికి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఎలాగో లైసెన్సు చేతికి వచ్చింది, వీధుల్లో తిరగడం వచ్చింది. పెద్ద రోడ్డు మీదకు మాత్రం ఏదో ఒక సాకు చెప్పి వెళ్ళలేదు.

ఆ రోజు మాత్రం సాకులు చెల్లలేదు. సముద్రంలో వాయుగుండం పట్టి, ఊరంతా జడివాన. ఉదయం మా ఆయన పెరట్లో ముఖం కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, తువ్వాలుతో ఎడంకన్ను తుడుచుకుంటూనే ఉన్నారు. ఏమైందని అడిగాను. కంట్లో నల్లగా ఏదో పైనుంచి కిందకు దిగుతోందని, తెర దించినట్టుందని, మామూలుగా కాఫీ అడిగినట్టే చెప్పారు. అలా ఎప్పుడైనా అయితే ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యాలని, ఒక్కపూట తేడాలో కూడా చూపు పోవచ్చని కంటి డాక్టరమ్మ అంతకు ముందే హెచ్చరించి ఉంది. ఎప్పుడూ వచ్చే ఆటో అతనికి ఫోను చేస్తే తన ఇంట్లోకే నీళ్ళొచ్చాయన్నాడు. మరిది షిఫ్టులో ఉన్నాడు, ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. పక్కింటివాళ్ళు ఎవరెవరికో ప్రయత్నించారు, ఎవరూ దొరకలేదు. వాన తగ్గాక చూద్దాంలే అని ఆయన కుర్చీలో కూర్చున్నారు. కూర్చుని, అరచేత్తో కుడికన్ను మూసి చూసుకుని, మళ్ళీ ఎడంకన్ను మూసి చూసుకున్నారు. అది చూశాక నేను మేకు మీది తాళంచెవి తీశాను. ధైర్యం వచ్చి తీయలేదు. ఆ కుర్చీలో ఆయన్ని అలా చూస్తూ కూర్చోవడం బండి కన్నా ఎక్కువ భయపెట్టింది, అంతే.

మల్కాపురం మెయిన్ రోడ్డు ఎక్కేసరికి నాకు నోరు ఎండిపోయింది. రోడ్డు మీద మోకాలి లోతు లేకపోయినా, గుంతలన్నిటినీ కప్పెయ్యడానికి సరిపడా నీళ్ళున్నాయి. రెండు చక్రాలవాళ్ళు గుంతను తప్పించుకుని పోతారు, మాకు ఒక చక్రం తప్పితే ఇంకో చక్రం పడేది. రోడ్డు వాలుకు బండి ఎడమ అంచుకు లాగేస్తోంది, నేను కుడికి పట్టి ఉంచుతున్నాను, భుజాలు పీకేస్తున్నాయి. వెనకనుంచి వచ్చిన ట్యాంకరు పక్కనుంచి దాటినప్పుడు మురికినీళ్ళు గోడలా లేచి మా మీద పడ్డాయి. కొన్ని క్షణాలు నాకు ఏమీ కనపడలేదు. ఆయనకు కనపడదు, నాకు కనపడదు, బండి మాత్రం పోతోంది.

రిఫైనరీ దాటాక, ఇనుప చుట్టలు మోసుకుపోతున్న పొడుగాటి ట్రైలరు ఒకటి ముందు చెప్పకుండా మా దారిలోకి మళ్ళింది. నేను హ్యాండిలు ఎడమకు లాగేశాను. ఎడమ చక్రం లేచింది. ఖాళీ జాగాలో లేచినట్టు మెల్లగా కాదు, ఎవరో కింద చెయ్యి పెట్టి ఎగరేసినట్టు లేచింది. నాకు మరిది మాట గుర్తొచ్చింది గాని ఒళ్ళు వినలేదు, కొయ్యబారిపోయాను. అప్పుడు నా నడుము చుట్టూ ఉన్న ఆయన చేతులు బిగిశాయి. ఆయన తన బరువంతా ఎడమకు వేసి, నన్ను కూడా తనతో లాగేసుకున్నారు. ఇద్దరం నీళ్ళలోకి ఒరిగిపోతున్నామనే అనుకున్నాను. చక్రం దభీమని నేల మీద పడింది. ట్రైలరు తోక మా ముందు నుంచి సాగి సాగి వెళ్ళిపోయింది.

రోడ్డు పక్కన ఒక మూసిన కొట్టు ముందు బండి ఆగింది, నేను ఆపానో అదే ఆగిందో తెలియదు. నా చేతులు హ్యాండిలు నుంచి ఊడి రావడం లేదు. ఇక నా వల్ల కాదండీ, ఇక్కడే ఉండిపోదాం అన్నాను. వీపుకు ఆనిన ఆయన గుండె కొట్టుకోవడం నా రెయిన్‌కోటు లోంచి తెలుస్తోంది.

"నాకూ బయంగానే ఉందే," అన్నారాయన. "గానీ సక్రం లేత్తే నాకు ముందే తెలిసిపోతంది. దానికి కళ్ళతో పన్లేదు. నాను వొంగుతాను, నువ్వు ముందుకి సూడు."

మా పెళ్ళయిన అన్నేళ్ళలో ఆయన నోట భయమన్న మాట వినడం అదే మొదటిసారి. అది విన్నాక నా భయం తగ్గిందని చెబితే అబద్ధమవుతుంది. కానీ ఆ భయంలో నాతో పాటు ఇంకొకరు కూడా ఉన్నారని తెలిసింది. మళ్ళీ బయలుదేరాం. మలుపు వస్తోందని నేను చెప్పేదాన్ని, ఎటో చెప్పేదాన్ని, చెప్పీచెప్పక ముందే ఆయన అటు వంగేవారు. ఆయనతో పాటు నేనూ వంగేదాన్ని. రైలు పట్టాలు దాటేటప్పుడు కళ్ళు మూసుకోకుండా ఉండటానికి పళ్ళు బిగబట్టాను. కాన్వెంట్ జంక్షన్, ఆ తరవాత ఊళ్ళో రోడ్లు, ఎలా దాటామో సగం గుర్తు లేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర వాచ్‌మన్ వచ్చి నన్ను బండి మీద నుంచి దింపవలసి వచ్చింది. ఎడంకాలు కూడా కుడికాలి లాగే అయిపోయింది.

ఆ రోజే ఆపరేషను చేశారు. ఎడంకంటికి పాత చూపు రాలేదు గాని మనిషి రూపు, గుమ్మం, వెలుగు తెలిసేటంత మిగిలింది. సాయంత్రం దాకా ఆగి ఉంటే అదీ దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. షిఫ్టు దిగి పరుగున వచ్చిన మరిది బండిని ఇంటికి తోలుకుపోయాడు. నేను దానివైపు చూడను కూడా చూడలేదు. మళ్ళీ ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. ఆసుపత్రికి తిప్పడం ఉంది, ఆఫీసు ఉంది, ఆయన్ని స్టోర్సు దగ్గర దింపడం ఉంది, తప్పక ఎక్కాను.

అలవాటు పడ్డాను అంటారు గదా, ఆ మాటకు అర్థం నాకు బాగా తెలుసు. భయం పోవడం కాదు. రోజూ ఉదయం బండి ఎక్కేముందు నోరు ఎండేది, అందుకని ఒక గుక్క నీళ్ళు తాగి ఎక్కడం అలవాటైంది. ట్యాంకరు హారను వింటే భుజాలు బిగుసుకునేవి, బిగుసుకున్న భుజాలతోనే పక్కకు తీసి దారివ్వడం అలవాటైంది. మా ఆయన వెనకనుంచి గాలి వాసన పట్టి, ఇది ఎరువుల వాసన, ఇది బొగ్గు, ఇదుగో సేపలు, అని మేమెక్కడున్నామో చెప్పేవారు. చాలావరకు సరిగ్గానే చెప్పేవారు. తప్పు చెప్పిన రోజు నేను దిద్దేదాన్ని కాదు. మలుపుల్లో మేమిద్దరం ఒక్కసారే వంగడం చూసి సింధియా దగ్గర టీకొట్టు అతను నవ్వేవాడట, తాటిమట్టలు గాలికి ఊగినట్టుందని.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. పోయిన తరవాత ఒకే ఒక్కసారి ఆ బండి తీశాను. మా వీధి మలుపు కూడా పూర్తిగా తిరగలేదు, వెనక భాగం తేలికగా, ఊగుతూ ఉన్నట్టనిపించింది. చక్రం నిజంగా లేచిందో లేదో తెలియదు. ఆపి, ఎదురింటి అబ్బాయిని పిలిచి లోపల పెట్టించాను. తరవాత మరిది దాన్ని తీసుకెళ్ళి, కాలు లేని ఒక ఫ్యాక్టరీ కార్మికుడికి అప్పగించాడు. అతని భార్య వెనక కూర్చుంటుందట.

ఇప్పుడు మల్కాపురం విడిచి ఈ అపార్టుమెంటుకు వచ్చేశాను. బయటికి వెళ్ళాలంటే ఫోను నొక్కితే కారు గుమ్మంలోకి వస్తుంది. అద్దాలు బిగించి ఉంటాయి, చల్లగా ఉంటుంది, వాసనలేవీ లోపలికి రావు. డ్రైవరు పేరు ఫోనులోనే చూసుకోవాలి, అతను నావైపు తిరిగి చూడనక్కర్లేదు, నేను అతనితో మాట్లాడనక్కర్లేదు. ఫ్లైఓవరు మీద కారు ఎంత పెద్ద మలుపు తిరిగినా కూర్చున్న మనిషికి తెలియదు. ఈ సుఖం నాకు ఇష్టమే, కాదనను. ఈ వయసులో, ఈ కాలుతో, దేవుడు నాకిచ్చిన వరమే అనుకుంటాను. అయినా కొన్ని సాయంత్రాలు ఆ మెత్తటి సీటులో ఒక మూలకు ఒదిగి కూర్చున్నప్పుడు అనిపిస్తుంది, ఒకప్పుడు బయటికి పోయి ఇంటికి రావడమంటే ఇద్దరు మనుషులు కలిసి చెయ్యవలసిన పని, ఇప్పుడు నేనొక్కదాన్నే ఊరికే కూర్చుంటే చాలు, అయిపోతోంది.