రెండు వేళ్ల స్పాంజి

ఊళ్లో సగం బండ్లకు సీట్లు కుట్టింది అతనే. అందరినీ మెత్తగా కూర్చోబెట్టిన ఆ సీట్ల మేస్త్రి తను మాత్రం పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చున్న పాపాన పోలేదు. అన్నం కూడా అటూ ఇటూ తిరుగుతూనే తినేవాడు. "నీ కాళ్లకు చక్రాలు కట్టి పుట్టించాడు దేవుడు" అని విసుక్కునేది భార్య. అలాంటి మనిషి కూతురు హాకీలో గోల్‌కీపర్ అయింది. ఇక చెప్పేదేముంది, అసలే అంతంతమాత్రంగా ఉన్న కుదురు కాస్తా పోయింది.

కిందటేడు ఒక బంతి పక్కనుంచి వచ్చి పిల్ల పిక్కకు తగిలింది. వారం రోజులు కాలు కమిలిపోయి ఉంది. పిల్ల మర్చిపోయింది గానీ తండ్రి మర్చిపోలేదు. ఆట నియమాలన్నీ కూతురి చేత చదివించుకున్నాడు. గోలు ముందుండే డీ గీత లోపల కీపరు బంతిని కాలితో తన్నొచ్చు, ఒంటితో ఆపొచ్చు. గీత దాటితే కర్ర ఒక్కటే దిక్కు. హెల్మెట్ లేకుండా ఆడకూడదు. ఇవన్నీ బుద్ధిగా విన్నాడు. కాళ్ల ప్యాడ్ల వెడల్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి స్పాంజి ఏరుకుంటున్నాడు. ఆ ముక్క చెవికెక్కలేదు.

ప్యాడ్ల పక్క కుట్లు విప్పి, గట్టి స్పాంజి దట్టించి, ఎవరి కంటికీ ఆనకుండా మళ్లీ కుట్టేశాడు.

రెండు నెలల తర్వాత ఫైనల్ మ్యాచ్ వచ్చింది. రెండో కీపరు జ్వరంతో మంచం పట్టింది కాబట్టి భారమంతా ఈ పిల్లదే. ఆటకు ముందు అంపైరమ్మ ఒక కొయ్య చట్రం తెచ్చి, పిల్ల కట్టుకున్న ప్యాడ్‌కు పెట్టి చూసింది. చట్రం పట్టలేదు.

"ముప్పై సెంటీమీటర్లు దాటకూడదు మేస్త్రిగారూ. ఇది రెండు వేళ్లు ఎక్కువుంది. దీంతో ఆడనివ్వను."

"పిల్ల కాలు విరిగితే మీ చట్రం వచ్చి కట్టు కడుతుందా మేడమ్?"

"ప్యాడ్ ఉన్నది కాలు కాయడానికి, గోలు మూయడానికి కాదు. అందరూ మీలాగే కుడితే కీపరెందుకు? ఓ పరుపు నిలబెడితే పోలా? పావుగంట టైముంది, చూసుకోండి."

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. తనవైపు మాట్లాడుతుందేమోనని కూతురి వంక చూశాడు. ఆ పిల్ల అప్పటికే పట్టీలు విప్పుతోంది.

"తీసెయ్ నాన్నా."

"దెబ్బ తగుల్తుందే!"

"వీటితో మోకాళ్లు దగ్గరికి రావట్లేదు. ప్రాక్టీసులో మూడు గోల్స్ కాళ్ల మధ్యనుంచే పోయాయి."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"ఎంత ఇష్టంగా కుట్టావో చూశాగా."

మేస్త్రి సంచిలోంచి బ్లేడు తీశాడు. ఎవరికీ కనపడకుండా కుట్టిన కుట్టు ఇప్పుడు అతనికే కనపడలేదు. బొటనవేలితో తడిమి వెతికాడు. ఎలాగో కోసి, స్పాంజి లాగి జేబులో కుక్కుకున్నాడు. రెండు ప్యాడ్లకూ గబగబా నాలుగు కుట్లు వేసేసరికి పావుగంట అయిపోయింది. ఈసారి చట్రం పట్టింది.

ఆట సాగినంతసేపూ అతను గట్టు మీద కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. జేబులో స్పాంజిని పిసికి పిండి చేశాడు. కూతురి జట్టు ఒక గోలు ఆధిక్యంతో ఉంది. ఇంకో నిమిషం ఉందనగా అవతలి జట్టు పిల్ల ఎదురుగా వచ్చి బలంగా కొట్టింది. బంతి నేరుగా కాళ్ల మధ్యకే వెళ్లింది. కూతురి మోకాళ్లు ఠపీమని మూసుకున్నాయి. తగిలి ఎగిరిన బంతిని కూతురు కాలితో దూరంగా ఒక్క తన్ను తన్నింది.

చివరి ఈల మోగడం ఆలస్యం, మేస్త్రి మైదానంలోకి పరుగెత్తాడు. కూతురి ముందు కూలబడి, ప్యాడ్లు ఊడబెరికి, పిక్కలు తడిమాడు. తెల్ల మేజోళ్ల మీద ఎర్రగా రక్తం.

"నే చెప్పలా! నే మొత్తుకోలా!" అంటూ గుండెలు బాదుకున్నాడు.

పిల్ల అతని చెయ్యి పట్టుకుని పైకెత్తింది. బొటనవేలు నిలువునా తెగి ఉంది. జేబు చుట్టూ చొక్కా తడిసిపోయింది. బ్లేడుతో ఎప్పుడు తెగిందో, ఇంతసేపు ఎంత కారిందో అతనికే తెలియదు.

"నాకేం కాలేదు నాన్నా. ఈ రక్తం నీది" అంది పిల్ల.

అంపైరమ్మ మందుల పెట్టె తెచ్చిచ్చింది. కూతురు తండ్రిని బెంచీ మీద కూర్చోబెట్టి, కట్టు కట్టడం మొదలుపెట్టింది.

"కదలకు."

మేస్త్రి కదల్లేదు.