డాట్‌ను పిలిచిన రబ్బరు ముక్క

మొన్న కార్డిఫ్‌లో రూట్ కెనాల్ చేయించుకోవడానికి వెళితే, డెంటిస్టు నా నోటి మీద ఆకుపచ్చని పల్చటి రబ్బరు షీటు పరిచి పంటికి క్లిప్పు బిగించింది. పుదీనా కలిసిన రబ్బరు వాసన గుప్పుమంది. నోరు తెరుచుకుని పడుకున్నదాన్ని, నవ్వడం కుదరక కళ్లతోనే నవ్వుకున్నాను. ఆ వాసన నన్ను న్యూకాసిల్ శివార్లలోని మా పాత వంటింటికి, నా పదో ఏటికి పట్టుకుపోయింది.

మా వీధి వెనక ఒక వాగు, వాగు పొడవునా చెట్లు. పక్కింట్లో మార్గరెట్ ఆంటీ, జార్జ్ అంకుల్ ఉండేవాళ్లు. వాళ్ల పొడవాటి తోటలో జార్జ్ అంకుల్ టర్కీ కోళ్లు పెంచేవాడు. సాయంత్రం కాగానే, గుర్రపు నాడా ఆకారంలో ఉండే చిన్న రేకు ముక్కకి రబ్బరు బిగించి తానే చేసుకున్న పీకని అంగిటికి ఆనించుకుని గాలి వదిలితే, అచ్చం పెట్ట అరుపే వచ్చేది. "క్యావ్, క్యావ్, క్యావ్" అనగానే చెట్లలో మేస్తున్న కోళ్లన్నీ రెక్కలు విప్పుకుని, పెళ్లికి ఆలస్యమైన ఆడవాళ్లలా హడావుడిగా పరిగెత్తుకొచ్చేవి. నేను స్కూల్ యూనిఫాం కూడా మార్చుకోకుండా గోడ మీద కూర్చుని ఆ వేడుక చూసేదాన్ని.

ఒక వేసవిలో జార్జ్ అంకుల్ పోయాడు. ఆంటీ మిగతా కోళ్లన్నిటినీ తెలిసినవాళ్లకి ఇచ్చేసి, ఆయన చేతి మీద పెరిగిన డాట్ అనే ముసలి పెట్టని మాత్రం ఉంచుకుంది. దీపావళి వెళ్లిన వారంలో పెద్ద గాలివాన వచ్చి కంచె పడిపోయింది. తెల్లవారి చూస్తే డాట్ లేదు. ఆంటీ గింజల డబ్బా ఆడించుకుంటూ వాగు వెంట తిరిగింది. చెట్ల మీద ఎక్కడో అరుపు వినిపించిందట కానీ, ఎంత పిలిచినా దిగి రాలేదట. ఆ చెట్లలో నక్కలు తిరుగుతాయని మా అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఆంటీ పొగాకు డబ్బా ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అందులో అంకుల్ పీకలున్నాయి. రబ్బరు కొన్నిటికి బంకలా సాగిపోయింది, కొన్నిటికి ముట్టుకుంటేనే పొడిగా రాలింది. "నీకు ఇలాంటివి బాగు చేయడం వచ్చు కదా?" అని నాన్నని అడిగింది. కౌన్సిల్ ఆఫీసులో పనిచేసే మా నాన్న ఆ వీధిలో సగం ఇళ్ల టోస్టర్లు బాగు చేసినవాడే.

ఆమె వెళ్లాక అమ్మతో, "గిదెంత పని! మా ఊర్ల తాటాకుతోని పీకలు జేసినోన్ని" అన్నాడు.

దీపావళికి వండిన గరిజెల నూనె వాసన ఇంకా వదలని వంటింటి బల్ల మీద పని మొదలైంది. నా పుట్టినరోజుకి మిగిలిన ఎర్ర బెలూను కత్తిరించి బిగిస్తే కప్ప అరిచింది, అదే ప్యాకెట్‌లోని పసుపు బెలూను ఉలకలేదు, పలకలేదు. గిన్నెలు తోమే గ్లవ్ నుంచి ఉత్త గాలి వచ్చింది. ఒక కూల్ డ్రింక్ డబ్బా రేకు కాగితంలా తెగితే, మరొకటి కత్తెర పదును పోగొట్టింది. డెంటల్ నర్సుగా పనిచేసే అమ్మ, మర్నాడు తన క్లినిక్‌లో గడువు దాటి పారేయబోతున్న రబ్బరు షీట్లని అడిగి తెచ్చింది. నీలంవి దళసరి, ఆకుపచ్చవి పల్చన. ఒకే షీటులో కూడా అంచున తీసిన ముక్క ఒకలా, నడుమ తీసిన ముక్క ఇంకోలా పలికేవి. నాన్న ఒక్కో ముక్కని లైటుకి పట్టి చూసి, వేళ్లతో లాగి, చెవి దగ్గర మీటి వినేవాడు. అంచులు గుచ్చుకోకుండా ప్లాస్టర్ చుట్టేవాడు. కానీ నోట్లో పెట్టుకోగానే ఆయనకి వాంతి వచ్చినట్టయ్యేది.

"నాతోని గాదు. నువ్వు ఊది సూడు బిడ్డా," అని నాకిచ్చాడు.

"నోట్లె గన్ని దినాల రబ్బరు వెడ్తరా!" అని అమ్మ దాన్ని ఉప్పునీళ్లతో కడిగి మరీ ఇచ్చింది.

రెండు రోజులు నా నోట్లో అంతా పుదీనా, చొంగ. చివరికి ఒక ఆకుపచ్చ ముక్క "క్యావ్" అంది. ముగ్గురం ఎగిరి గంతేశాం. అప్పుడే ఆంటీని పిలిచి వాగు దగ్గరికి పరిగెత్తాం. చలిలో అది బిగుసుకుపోయి కీచుమని ఊరుకుంది. ఆంటీ నా టోపీ సరిచేసి ఇంటికి నడిచింది. ఆమె వీపు చూస్తూ నేను ఏడ్చేశాను.

నాన్న మాత్రం, "ఇంట్ల వెచ్చగుంటె పలికింది, బయట సల్లకు బిగిసింది. జెర వదులుగ కడ్దాం," అన్నాడు. కొత్తది చేసి, వాగు దాకా నోరు మూసుకుని నాలుక కింద వెచ్చగా ఉంచుకోమన్నాడు.

మర్నాడు పొద్దున, మంచు ఇంకా గడ్డి మీద ఉండగానే వెళ్లాం. పిలిచాను. ఏమీ లేదు. మళ్లీ పిలిచాను. వాగు అవతలి చెట్టు మీద నుంచి, నిద్ర చెడినట్టుగా, జవాబు వచ్చింది. నేను ఆగితే అదీ ఆగింది, నేను పిలిస్తే అదీ పలికింది. అలా మాట్లాడుకుంటూ ఉండగానే డాట్ దబ్బున ఇవతలి గట్టు మీదకి దూకి, బురద రెక్కలతో, ఒక కాలు కుంటుతూ మా వైపు వచ్చింది.

ఆంటీ తడి గడ్డిలో చతికిలబడి దాన్ని ఒళ్లోకి తీసుకుంది. "జార్జ్ వచ్చాడనుకుంది, పిచ్చిది" అంది. దాని మెడ నిమురుతూ, "నేనూ అనుకున్నాను, ఒక్క క్షణం" అంది. నాన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు.

డాట్ ఆ తర్వాత ఇంకా కొన్ని చలికాలాలు బతికింది. నేను గ్లాస్గోలో చదువుకుంటున్నప్పుడు ఆంటీ పోయింది. అమ్మానాన్నలు ఆ ఇల్లు అమ్మేసి ఊరి మధ్యలో ఒక ఫ్లాట్‌కి మారారు. పోయినసారి వాళ్లని చూడటానికి వెళ్లినప్పుడు మా అమ్మాయిని ఆ వీధికి తీసుకెళ్లాను. ఆంటీ తోటంతా సిమెంటు చేసి కార్లు పెట్టుకున్నారు. వాగు వైపు ఎత్తైన చెక్క కంచె వేశారు.

"హూ లివ్డ్ హియర్, మమ్?" అని అడిగింది అమ్మాయి.

"మార్గరెట్ ఆంటీ," అన్నాను. ఆమెకి నా పేరు ఎప్పుడూ నోరు తిరగలేదు. శ్రావణి అనలేక, "షావ్నీ! టీ తాగుదువు రా, పెట్!" అని అక్కడి ముద్దుమాట కలిపి గోడ మీదుగా కేకేసేది. నన్ను అలా తప్పుగా పిలిచేవాళ్లు ఇప్పుడు ఆ వీధిలో ఎవరూ లేరు.