నవ్వినవాళ్ళు తోసిన కారు

నా చిన్నప్పుడు బెంగాల్లో నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో కారు నడిపే ఆడమనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ మా మేనత్త. రైల్వే బడిలో లెక్కల టీచరు. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు, తన ముసలి కారును ఎవరైనా బాగా చూసుకుంటే చాలని వీధిలో అందరితోనూ అన్నాడట. అందరూ నవ్వి ఊరుకున్నారు. మా అత్త మాత్రం తాళాలు అందుకుంది.

ఆ కారుకి దాని పద్ధతులు దానికుండేవి. ఎడమవైపు తిప్పితే హారను దానంతటదే మోగేది. డ్రైవరు వైపు తలుపు ఎంత గుంజినా తెరుచుకునేది కాదు. అత్త చీర కుచ్చిళ్ళు పట్టుకుని అవతలి వైపు నుంచి ఎక్కి, సీటు మీద జరుగుతూ జరుగుతూ స్టీరింగు దగ్గరికి చేరేది. వాన పడితే అద్దం తుడిచే వైపరుకు కట్టిన తాడును పక్కన కూర్చున్నవాళ్ళు లాగుతుండాలి. ఆ ఉద్యోగం నాది. ఇంజను ఒకసారి ఆగిందంటే ఎవరో ఒకరు తోస్తేనే గాని మళ్ళీ కదిలేది కాదు. అప్పుడు అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టి, దారినపోయేవాళ్ళని బెంగాలీలోనో హిందీలోనో తీరిగ్గా పిలిచేది, వాళ్ళు ఆవిడ ఇంటి చుట్టాలైనట్టు.

నాకది ప్రాణసంకటంగా ఉండేది. మా నాన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. పక్కింట్లో చిటికెడు ఉప్పు అడగడానికి కూడా మనసొప్పని మనిషి. నేను ఆయన కూతుర్ని. పైగా నా తరగతిలో ఒక పిల్ల ఉండేది, మా కారు హారను నోటితో అచ్చంగా దించేసేది. నేను తరగతిలోకి అడుగుపెడితే చాలు, బోర్డు వైపు చూస్తూ ఆ మోత మోగించేది. అందుకని కారు బజారులోకి రాగానే నేను సీటు కిందికి జారిపోయేదాన్ని. అత్త అది చూసి కూడా బండి నడుపుకుంటూ పోయేది.

ఒక మధ్యాహ్నం మేము బడి నుంచి కారులో వచ్చి ఇంకా ఇంజను ఆపకముందే, మా పక్కింటి బెంగాలీ దీదీకి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. ఆవిడ భర్త గూడ్సు బండి గార్డు, డ్యూటీ మీద వెళ్ళాడు. రిక్షాలో ఆ గతుకుల దారిన తీసుకెళ్ళడం ప్రమాదమని, అత్త ఆవిడని కారు వెనకసీట్లో పడుకోబెట్టింది. నన్ను ముందు ఎక్కించుకుంది. పూరీ గేట్ దగ్గరికి వచ్చేసరికి రైలు కోసం గేటు వేశారు. రైలు పోయింది, గేటు లేచింది, మా ఇంజను మాత్రం ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే బడి నుంచి నడిచి ఇళ్ళకి వెళ్ళే పిల్లలు అక్కడికి చేరారు. హారను దించే ఆ పిల్ల, దాని స్నేహితులు రోడ్డు పక్కన నిలబడి మా కారుని చూసి నవ్వుతున్నారు. వెనక దీదీ పంటి బిగువున మూలుగుతోంది.

అత్త స్టీరింగు వదలకుండా నాతో అంది. "దిగి ఎల్లు. నలుగుర్ని పిలుసుకురా."

"ఆలు నవ్వుతన్నారత్తా."

"నవ్వనీ. నవ్వినోలు మనకేసి సూత్తన్నారన్నమాటే గుంటా. సూడనోలు ఎలాగూ తొయ్యరు. నవ్వినోల కాడికే ముందెల్లు."

గొంతు పెంచలేదు, తొందర పెట్టలేదు. నేను దిగాను. తిన్నగా ఆ పిల్ల దగ్గరికే వెళ్ళాను.

"మా కారు ఆగిపోనాది. లోపల దీదీకి నొప్పులొత్తన్నాయి. కాసింత తోత్తావేటి?"

అది నవ్వడం ఆపేసింది. కారు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "అయ్యో, ముందే సెప్పొద్దేటి?" అంటూ పుస్తకాల సంచీ రోడ్డు మీదే పడేసి పరిగెత్తింది. దాని వెనక మిగతా పిల్లలు. వాళ్ళని చూసి టీకొట్టు బెంగాలీ దాదా, సైకిలు స్టాండు వేసి మరొకాయన. అందరం కలిసి తోస్తే కారు దగ్గి, ఊగి, పొగ వదిలి కదిలింది. ఆపితే మళ్ళీ ఆగిపోతుంది గనక అత్త నా కోసం ఆగలేదు. నడిచి రమ్మని చెయ్యి ఊపింది. మలుపు దగ్గర ఎడమకి తిరిగినప్పుడు హారను గట్టిగా మోగింది. రోడ్డు మీద అందరం ఒక్కసారిగా నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వానేమో.

ఆ పిల్ల నాతోపాటు ఆస్పత్రి దాకా నడిచి వచ్చింది. మేము వెళ్ళేసరికి దీదీకి ఆడపిల్ల పుట్టింది. చిన్నదే గాని గొంతు పెద్దది. అత్త వరండాలో బెంచీ మీద కూర్చుని మరమరాలు తింటోంది. మా ఇద్దరి చేతుల్లోనూ చెరో గుప్పెడు పోసింది. 

ఇప్పుడు నేను అదే ఊళ్ళో ఝపటాపూర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. కిందటేడు మేడ మీది వాటాలోకి ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళు దిగారు, తెలంగాణ వాళ్ళు. నేను కూరలబ్బాయిని "ఏటి బాబూ, ఇవి నిన్నటివేనా?" అని నిలదీస్తుంటే వాళ్ళు మెట్ల మీద నిలబడి నా యాసకి ముసిముసిగా నవ్వుకుంటున్నారు. వెంటనే వాళ్ళని కిందికి పిలిచాను. "నవ్వినారు కదా, రండి. ఈ బీరువా కిటికీ కాడికి జరపాల" అన్నాను. పాపం, సిగ్గుపడుతూనే జరిపారు. ఇప్పుడు ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోంచేస్తారు, నా మాటకి ఎదురుగానే నవ్వుతారు. నా నవ్వు కలిపి నేను ఇంకాస్త వడ్డిస్తాను.