కొత్త అల్లుడి పొగాకు కషాయం

మా అత్తగారి నారుమడిని మాడ్చింది నేనే. బంధువుల్లో ఆ సంగతి వస్తే ఇప్పటికీ "ఆ ఏడు నారు ఎండకు పోయింది" అనే అంటారు. అల్లుడి పరువు కాపాడటం ఆ ఇంటివాళ్లకు అంత అలవాటు. అవి రెండో ప్రపంచయుద్ధం నాళ్లు. కిరసనాయిలుకీ సబ్బుకీ కటకటగా ఉండేది గాని, పల్నాట్లో కొత్త అల్లుడి మర్యాదలకు మాత్రం ఏ కరువూ తగల్లేదు. నేను కూర్చోబోతే పీట వచ్చేది, లేవబోతే నీళ్ల చెంబు వచ్చేది. తప్పు చేయబోతే మాత్రం అడ్డు వచ్చేవాళ్లు లేరు.

పెళ్లయిన తరువాత తొలి శ్రావణానికి కారంపూడి పక్కనున్న అత్తవారి ఊరు వెళ్లాను. మామగారు అప్పటికే లేరు. ఇంటి వెనక బావి పక్కనున్న చిన్న నేలచెక్క ఆయన అన్నగారిది. పెద్దమామ అని పిలిచే ఆయనకు మిరప తప్ప మరొకటి పంటగా కనిపించేది కాదు. "ఈ ఒక్క ఏడూ నీ సీమవంకాయలేందో వేసి చూడమ్మా. నారు నిలబడితే చెక్క నీ దగ్గరే ఉంటది. లేకపోతే నా మిరప నేను వేసుకుంటా" అని అత్తగారికి చెప్పేశారు. (టమాటాను మా వైపు అప్పట్లో సీమవంకాయ అనేవాళ్లు.) కూతుర్ని కూడా పంపించేశాక ఆ ఇంట్లో ఒంటరిగా మిగలబోయే మనిషికి ఆ చెక్క ఒక్కటే తనదనుకునే పని.

అత్తగారు రోజూ ఆకుల మీద తడి ఆరకముందే, జల్లించిన బూడిదను పలచని గుడ్డలో మూటకట్టి నారు మీద దులిపేవారు. అయినా అక్కడక్కడా ఆకుల వెనక పేనుబంక పట్టింది. అది చూసి, పొగాకు కషాయంలో సబ్బు కలిపి చల్లితే ఒక్క పురుగు మిగలదని ప్రకటించాను. ఎక్కడో విన్నాను. ఎంత పొగాకుకు ఎన్ని నీళ్లో మాత్రం వినలేదు. తలుపు చాటు నుంచి అత్తగారు, "అల్లుడుగారికి తెలవనిదా? అట్నే చేద్దాం అని చెప్పవే" అని నాకు వినపడేలా కూతురితో అన్నారు.

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కాగు పెట్టి, పొగాకు కాడలూ, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సబ్బు బిళ్లా వేసి కలపడం మొదలుపెట్టాను. ఆకాశం నిండా మబ్బు. పొగ నేలబారుగా పాకి బావి గట్టును చుట్టుకుంటోంది. ఆ పొగలో మా ఆవిడ నీళ్లు తోడుతోంది. ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కరిగిపోతుంది. ఉన్నట్టుండి ఆమె గాజులు గలగలలాడించింది. దగ్గింది. నిండు బిందె తెచ్చి నా ముందు పెట్టి, కళ్లలోకి ఒక్క క్షణం చూసి వెళ్లింది. (పెద్దల ఎదుట భర్తతో మాట్లాడకూడని రోజులవి.) నా గుండె ఎటో తేలిపోయింది. ఇంకో బిందె తెచ్చి పెట్టింది. ఇంత ప్రేమా అనుకున్నాను. కాగులో కషాయం ఇగిరి నల్లగా, చిక్కగా తయారైంది. దాన్ని అలాగే దించి, చల్లారాక వేపరెమ్మతో నారంతా తడిపేశాను.

సాయంత్రానికి నారు తలలు వేలాడేసింది. ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. అత్తగారు తలుపు చాటు నుంచే మబ్బు ముసురుకున్న ఆకాశం వంక చూసి, "ఇయ్యాల ఎండ చానా ఉందిలే" అని లోపలికి వెళ్లిపోయారు.

వెనక వసారాలో మా ఆవిడ పట్టుకుంది. "రెండు బిందెలు తెచ్చి మీ ముందు పెట్టా. గాజులు పగిలేటట్టు మోగించా. నీళ్లు కలపమని ఇంకెట్టా చెప్పాలండీ?"

"నేను ఇంకోలా అనుకున్నా."

"ఏమనుకున్నారు?"

చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

"చెక్క పోద్దని అమ్మ లోపల ఏడుస్తంది" అంది.

అప్పుడు దిగింది నా మత్తు. తలుపు దగ్గరకు వెళ్లి, "అత్తయ్యా, ఎండ అనొద్దు. నన్ను తిట్టండి" అన్నాను. ఆవిడ మొదటిసారి తలుపు దాటి నా ఎదటికి వచ్చారు. "తిట్టేది తర్వాత. ముందు ఆ బిందె ఎత్తు అబ్బాయ్. ఆ చివర మొక్కలకు నీ కషాయం సరిగ్గా తగల్లా. వాటినన్నా కడుగు."

మొక్కలు కడిగి, అటునుంచి అటే పెద్దమామ దగ్గరకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఏందీ? అల్లుడుగారు చెడగొడతా ఉంటే ఇంట్లో ఒక్కళ్లు నోరు తెరవలా?" అని పగలబడి నవ్వారు. "నేనున్నా తెరిచేవాణ్ణి కాదులే. సరే, మిగిలింది నిలబెట్టండి. అప్పుడు చూద్దాం."

వెళ్లాల్సిన రోజు దాటినా వెళ్లలేదు. పొద్దున్నే అత్తగారి వెనకే కూర్చుని ఒక్కొక్క ఆకూ తిప్పి, పేనుబంకను తడి వేలితో తుడిచి, బూడిద దులిపేవాణ్ణి. "అది కాదబ్బాయ్, ఈనె పక్కన చూడు" అని కసిరేవారు. కనురెప్పల మీద బూడిదతో, తడిసిన మోకాళ్లతో ఆ మడి దగ్గర కూర్చున్న కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

బతికిన నారు నాటితే చెక్కలో ఒక మూలకే సరిపోయింది. పెద్దమామ వచ్చి, గట్టు మీద నిలబడి, మొక్కలనూ ఖాళీ నేలనూ చాలాసేపు చూశారు.

"మిగతా దాంట్లో ఏం వేస్తావమ్మా?" అని అత్తగారిని అడిగారు.

ఏం వేస్తే బాగుంటుందో నా నోటిదాకా వచ్చింది. నోరు మూసుకుని, చేతిలో ఉన్న ఆకు తిప్పి వెనకవైపు చూశాను.