అడగకూడని మాట

ప్రేమ్‌కుమార్ ఉద్యోగమంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. అడవులదీవి రేవులో మెరైన్ పోలీసుల హోంగార్డు అతను. వేటకు పోయే ప్రతి పడవనూ ఆపి, ఎటు వెళ్తున్నారో అడగాలి. ముక్కూ మొహం తెలియని పడవను పసిగట్టాలన్నా, తుఫానులో మనవాళ్లను వెతకాలన్నా ఆ కబురే ఆధారం.

ఆ ఊళ్లో అడగకూడని ప్రశ్న కూడా సరిగ్గా అదే. వేటకు బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే మళ్లీ ఒడ్డు చూడడని భయం. ఖాకీ చొక్కా కనిపిస్తే చాలు, మొహాలు తిప్పుకునేవాళ్లు. పెద్దవాళ్లు కొందరు ఇంటికి వెనక్కిపోయి, కాళ్లు కడుక్కుని మళ్లీ వచ్చేవాళ్లు. జీతం సర్కారుది, తిట్లు ఊరివి.

ఊరందరినీ అడిగేవాడు గానీ అన్న బ్రహ్మాజీని మాత్రం అడిగేవాడు కాదు. రేపల్లె మార్కెట్లో చేపలమ్మే తల్లి పేరంటాలు ఒట్టు వేయించుకుంది. ఒకప్పుడు తను నోరుజారి అడిగిన రోజే మొగుడు సముద్రం పాలయ్యాడు. ఆ పాపం తనదేనని ఆమె ఇప్పటికీ నమ్ముతుంది.

కార్తీకంలో ఒక పొద్దున బ్రహ్మాజీ చిన్న పడవేసుకుని ఒక్కడే వెళ్లాడు. తమ్ముడు కావాలనే అటు తిరిగి టీ తాగాడు. మధ్యాహ్నానికి గాలి మారింది. వాయుగుండం అనుకున్నదానికంటే ముందే వచ్చిపడింది. పడవలన్నీ తిరిగొచ్చాయి, అన్న పడవ తప్ప. బ్రహ్మాజీ ఫోన్ మోగడం లేదు.

ఎస్సై విజయ పరుగున వచ్చింది. "బాపట్ల కంట్రోల్ రూమ్ వాళ్లు అడుగుతున్నారు. మీ అన్నయ్య కృష్ణ సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్లాడా, వాడరేవు వైపా? ఉన్నది ఒక్క బోటు."

ప్రేమ్‌కుమార్ సముద్రం వైపు చూశాడు. "తెలీదు మేడమ్. అడగలేదండి."

"అందర్నీ అడుగుతావు, సొంత అన్నని అడగలేదా?"

"మొగ వైపేమోనండి" అన్నాడు. బోటు అటే వెళ్లింది. చీకటి పడేసరికి ఖాళీగా తిరిగొచ్చింది.

ఇంటికెళ్తే తల్లి గుమ్మంలోనే పట్టుకుంది. "నువ్వు అడగలేదు కదరా?"

"లేదమ్మా. ఒట్టు."

"మరి వాడెందుకు రాలేదురా?"

ఆ మాటతో అతనికి లోపల మిగిలిన ధైర్యం కాస్తా పోయింది.

మర్నాడు వాడరేవు జాలర్లకు బ్రహ్మాజీ దొరికాడు. బోల్తాపడ్డ పడవను పట్టుకుని వేలాడుతున్నాడట. చెయ్యి విరిగింది, ప్రాణం మిగిలింది. బాపట్ల ఆసుపత్రిలో అతన్ని చూసి పేరంటాలు ఏడవలేదు. ఏదో ఆలోచిస్తూ కూర్చుంది.

చెయ్యి అతుక్కున్నాక బ్రహ్మాజీ మళ్లీ వల భుజానేసుకున్నాడు. రేవులో ప్రేమ్‌కుమార్ ఎదురుగానే ఉన్నా అడగలేదు. ఇంతలో వెనక నుంచి పేరంటాలు వచ్చింది.

"ఎక్కడికిరా బ్రహ్మాజీ?"

రేవులో ఉన్నవాళ్లంతా చేస్తున్న పని ఆపేశారు. బ్రహ్మాజీ మొహం పాలిపోయింది.

"వాడరేవు వైపమ్మా."

"విన్నావుగా" అంది ఆమె చిన్నకొడుకుతో. పడవ కనుమరుగయ్యేదాకా అతని ఖాకీ చేతిని వదల్లేదు.