డాక్టరు గారు

ఆస్టిన్‌ని ఇంట్లో పేరు పెట్టి పిలవడం మానేశారు. మగపిల్లల కాలేజీలో బైపీసీలో చేరిన రోజు నుంచే వాడు తల్లి రెజీనాకు "డాక్టరు గారు". జూబ్లీహిల్స్‌లో ఆమె వంట చేసే ఇంట్లోనూ అదే మాట. గుండె బొమ్మ అచ్చుగుద్దినట్టు వేస్తాడు గానీ, నెత్తురు మాత్రం చూడలేడు. ఇవాళ ల్యాబ్‌లో బ్లడ్ గ్రూప్ పరీక్షకని వాడి వేలు గుచ్చగానే కూలబడ్డాడు.

సాయంత్రం ఫిల్మ్‌నగర్‌లోని ఒంటిగదికి చేరి, చొక్కా గుండీ నులుముతూ, "అమ్మా, నాకీ చదువు..." అని మొదలుపెట్టాడు. రెజీనా వాడి వేలికున్న దూది చూసింది. "అప్పుడే రక్తం తీయడం నేర్పేశారా!" అని మురిసిపోతూ ఇరుగుపొరుగును కేకేసింది. గుమ్మం నిండిపోయింది. కొంగుకున్న పిన్నీసు తీసి వాడి చేతికిచ్చి, "ముందు నాది తియ్యండి డాక్టరు గారూ" అంటూ వేలు చాపింది.