పైడయ్యకు అప్పగించిన పొయ్యి

మొన్న మాఘమాసంలో రోలుగుంట నుంచి బస్సులో వస్తుంటే, కోసేసిన చెరకు చేలో ఆకు తగలబెడుతున్న వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. పక్కనున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆ పొగ పీల్చుకుంటూ, యాభైల నాటి చోడవరంలో మా గానుగ పాక ముందు లంగా ఎగదోపుకుని నిలబడ్డ గుంటనైపోయాను.

చలికాలం వచ్చిందంటే మా లోకమంతా ఆ తాటాకు పాకే. ఎడ్లు తిరుగుతుంటే గానుగ కిర్రుమనేది, పచ్చి రసం నురగలు కక్కుతూ కుండల్లోకి దిగేది, వెడల్పాటి పెనంలో అది ఉడికి ఉడికి తేనెరంగుకు తిరిగేసరికి పిల్లలమంతా చెరకు ముక్కలు పాకంలో ముంచుకుని, వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ నాకేవాళ్లం. అక్కడి పనంతా మా బాబాయి చూసేవాడు.

ఆ పాకను ఒక సాయంత్రం పైడయ్య తగలబెట్టాడు. అతనిది మా పక్క చేను. కాలవ నీటి వంతు దగ్గర మాటామాటా పెరిగి, బాబాయి అతని చేలోకి పోయే నీటికి అడ్డుకట్ట వేశాడు. ఆ కోపంలో పైడయ్య చెరకు పిప్పి కుప్పకు నిప్పు పెట్టాడు. ఎడ్లను విప్పడానికి లోపలికి దూకిన బాబాయికి కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. ఎడ్లు బతికాయి, వేళ్లు మాత్రం మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. పైడయ్య కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు.

కొన్నేళ్లకు, మళ్లీ కట్టుకున్న పాకలో గానుగ మొదలుపెట్టే రోజుల్లో, అతను వచ్చి మా అరుగు కింద నిలబడ్డాడు. ఊళ్లో ఎవరూ పని ఇవ్వడం లేదన్నాడు. అతని చేను అప్పటికే చేతులు మారిపోయింది. మామ్మ, అంటే మా నాన్న తల్లి, అతనికి మజ్జిగ ఇచ్చి రేపు రమ్మంది.

ఆ పూట భోజనాల దగ్గర అదే చర్చ. నాన్న కోర్టులో ప్లీడరు. శిక్ష ఎందుకన్నదానికి చట్టం చదివినవాళ్లలోనే తలో మాట ఉందని చెప్పుకొచ్చాడు: తప్పుకు తగిన బాధ పడాలని కొందరు, చూసినవాళ్లకు భయం పుట్టాలని కొందరు, మళ్లీ చెయ్యకుండా కట్టి ఉంచాలని కొందరు, మనిషి మారి రావాలని మరికొందరు అంటారట. బాబాయి చెంచాతో అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు.

“ఆణ్ని సూస్తే నా సెయ్యి మండతాదమ్మా,” అన్నాడు చివరికి.

“ఆడు జైల్లో ఉన్నన్నాళ్లూ మండలేదా?” అంది మామ్మ.

మండిందనే ఒప్పుకున్నాడు బాబాయి.

“మరింకెన్నాళ్లు మాడిస్తే సల్లారతాది? కోర్టు ఏసిన సిచ్చ తీర్చుకొచ్చేడు. ఇప్పుడు కూడు లేకుండా సేస్తే అది మనం ఏసే సిచ్చ. అది నాను ఎయ్యనురా బాబూ.”

నీళ్లు ఆపిన సంగతి ఆవిడ ఎత్తలేదు. ఎత్తకపోయినా బాబాయి తల వంచుకున్నాడు.

మర్నాడు చెరకు మోసే పనో, ఎడ్లు తోలే పనో ఇస్తుందనుకున్నాం. మామ్మ అతనికి పొయ్యి అప్పగించింది. పైడయ్య ఎవరూ చెప్పకుండానే చుట్టూ నేల తడిపి, పిప్పి కుప్పను దూరంగా జరిపి, అప్పుడు నిప్పు రాజేశాడు. బాబాయి నీళ్ల కుండ దగ్గర పెట్టుకుని పొద్దంతా అక్కడే కూర్చున్నాడు. అలా కొన్నాళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం లేచి, “పాకం సూసుకోరా పైడయ్యా, నాను తినొస్తాను,” అని ఇంటికొచ్చేశాడు. మామ్మ ఆ పూట నెయ్యి కాస్త ఎక్కువే వేసింది.

వాళ్లిద్దరూ స్నేహితులైపోయారని చెప్పను. పని మాట తప్ప మరో మాట అనుకోగా నేను వినలేదు. కానీ కళ్లు మసకబారేదాకా పైడయ్య మా పొయ్యి చూసుకున్నాడు, అతని పిల్లలు మాతో పాటే పాకం నాకి పెరిగారు.

ఇప్పుడు ఆ పాక ఉన్నచోట ఇళ్ల స్థలాల రాళ్లు పాతారు. తప్పు చేసినవాడూ, నష్టపోయినవాడూ తెల్లారితే ఒకే గట్టు మీద ఎదురుపడక తప్పని ఆ ఊరు కూడా పోయింది. లా కాలేజీలో నేను ఏళ్ల తరబడి శిక్షా సిద్ధాంతాలు పాఠం చెప్పాను. ఆ పాఠం దగ్గరికి వచ్చినప్పుడల్లా పుస్తకం పక్కన పెట్టి ఈ సంగతి చెప్పేదాన్ని. మీ మామ్మది ఏ సిద్ధాంతం మేడమ్ అని పిల్లలు అడిగేవారు. నాకు తెలియదనేదాన్ని. ఆవిడ చేతి అన్నం తిని పెరిగాను, అది మాత్రం తెలుసు.